ఛార్జర్ పిన్ మార్చాను, ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది కానీ బ్యాటరీ ఎక్కట్లేదు

ఛార్జర్ 19.5 వోల్టులు, 65 వాట్లు, మధ్యలో సన్న సూది ఉండే గుండ్రటి పిన్. పిన్ మెడ దగ్గర వైరు చిట్లి, ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే ఛార్జింగ్ ఎక్కేది, అందుకని అక్కడికి కోసేసి మూడు వైర్లున్న కొత్త పిన్ కేబుల్ తెచ్చి, రంగుకి రంగు కలిపి సోల్డరింగ్ చేసి స్లీవ్ వేశాను. మల్టీమీటర్‌లో పిన్ దగ్గర 19.5 సరిగ్గానే చూపిస్తోంది. అయినా స్క్రీన్ మీద "ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్" అనే వస్తోంది, పైగా సిస్టమ్ బాగా స్లో అయిపోతోంది. ఫ్రెండ్ ఛార్జర్ పెడితే మామూలుగా ఎక్కుతోంది, కాబట్టి జాక్, బ్యాటరీ బాగానే ఉన్నట్టే. మధ్య సూదికి వెళ్ళే సన్న వైరు మీదే నా అనుమానం, అడాప్టర్‌ని ల్యాప్‌టాప్ గుర్తుపట్టేది దానితోనే కదా. సూది నుంచి అతుకు దాకా మల్టీమీటర్‌లో బీప్ వస్తోంది, అంటే అక్కడిదాకా వైరు తెగలేదు. అతుకు నుంచి అడాప్టర్ వరకు ఆ వైరు బాగుందో లేదో, అడాప్టర్ డబ్బా విప్పకుండా మల్టీమీటర్‌తో ఎలా తేల్చుకోవాలి?