పగలంతా కుక్కను గొలుసుకు కట్టేస్తే తప్పా?

బాలసముద్రం (చర్చ మొదలుపెట్టినవారు)

మా ఇంట్లో నాలుగేళ్ల లాబ్రడార్ ఉంది, పేరు సీజర్. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగస్తులం. పొద్దున ఎనిమిదిన్నరకు బయలుదేరితే సాయంత్రం ఆరు దాటాకే ఇల్లు చేరతాం. పగలు ఇంట్లో మా బాపు ఒక్కరే ఉంటారు. డెబ్బై నాలుగేళ్లు, చేతికర్ర లేనిదే నడవలేరు. పోయిన సంక్రాంతికి సీజర్ సంతోషం పట్టలేక ఆయన మీదికి ఎగిరింది. గచ్చు మీద పడ్డారు. ఎముక విరగలేదు గానీ పది రోజులు మంచం దిగలేదు. అప్పటి నుంచి పగటిపూట దాన్ని గేటు పక్కన జామచెట్టుకు కట్టేస్తున్నాం. గొలుసు ఆరడుగులు. గిన్నెలో నీళ్లు ఉంటాయి, మధ్యాహ్నం బాపు అన్నం పెడతారు.

మొన్న ఆదివారం మా తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చి, "ఇది కుక్కా, ఖైదీయా?" అని చుట్టాల ముందే గొడవ చేశాడు. నిజంగా అంత తప్పు చేస్తున్నామా? ఇంకో సంగతి. ఈ మధ్య గేటు ముందు ఎవరు నడిచినా గొంతు బొంగురు పోయేదాకా మొరుగుతోంది. ముందు ఇలా ఉండేది కాదు.

కాజీపేట జంక్షన్

తప్పేమీ లేదు. నలభై ఏళ్లుగా కుక్కలను పెంచుతున్నాను. రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు ఒకటి, సొంత ఇల్లు కట్టుకున్నాక మూడు. అన్నీ పగలు కట్టేసి, రాత్రి వదిలేసి పెంచినవే. పెరుగన్నం తిని మా రాజు పద్నాలుగేళ్లు బతికింది. దానికి వాకింగ్ లేదు, ట్రైనర్ లేడు, పుట్టినరోజు కేకు అంతకన్నా లేదు. మీ బాపు గారి ఎముకలు ముఖ్యం. తమ్ముడికి అంత జాలి ఉంటే తీసుకుపొమ్మనండి.

మల్లెతీగ

జంక్షన్ గారూ, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పదకొండో సెక్షన్ ఒకసారి చదవండి. మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడం అందులోనే ఇంకో నేరం.

బాలసముద్రం గారూ, మొరుగుడు ఎందుకు పెరిగిందో చెబుతాను. వదులుగా ఉన్న కుక్క కొత్త మనిషి కనిపిస్తే వెళ్లి వాసన చూస్తుంది, భయమేస్తే తప్పుకుంటుంది. కట్టేస్తే ఆ రెండు దారులూ మూసుకుపోయి అరుపు ఒక్కటే మిగులుతుంది. అది అరుస్తుంది, గేటు ముందు మనిషి వెళ్లిపోతాడు. ఆయన ఎలాగూ వెళ్లేవాడే. కానీ తను అరిచినందుకే పోయాడని సీజర్ అనుకుంటుంది. పాలవాడు, పేపరువాడు, కూరగాయల బండి, బడి పిల్లలు. రోజుకు ఎన్నిసార్లు ఆ పాఠం చదువుతుందో లెక్క వేసుకోండి.

మీదికి ఎగరడం మాన్పించవచ్చు. ఎగిరినప్పుడు తిట్టకండి, నెట్టకండి. తిట్టినా అది పలకరింపు కిందే లెక్క. వీపు తిప్పి నిలబడండి. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టిన క్షణంలోనే చిన్న ముక్క ఏదైనా పెట్టండి. ఆ క్షణం దాటితే దేనికి పెట్టారో దానికి తెలియదు. పూటకు అయిదు నిమిషాలు, కానీ ఇంట్లో అందరూ ఒకేలా చేయాలి. ఒక్కరు ముద్దు చేసి మీదికి ఎక్కించుకున్నా మళ్లీ మొదటికి వస్తుంది.

పలకాబలపం

చిన్న ప్రశ్న. ఇంట్లో సీజర్‌తో ఏ భాషలో మాట్లాడతారు?

కాజీపేట జంక్షన్

చట్టం చదివాను తల్లీ. మొదటిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. మా స్టేషన్ బయట ఇద్దరు మిర్చి బజ్జీలు తిని టీ తాగితే అంతకన్నా ఎక్కువే అవుతుంది. పోనీ, ఆరడుగుల గొలుసు పొట్టిదని ఎక్కడ ఉంది? చట్టంలో అడుగులు రాశారా? నా ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. గొలుసు నాకన్నా పొడుగు.

మల్లెతీగ

అడుగులు రాయలేదు. మనిషికి ఆ మాత్రం తెలివి ఉంటుందని వదిలేశారు.

లెక్కల పంతులు

ఆరడుగుల గొలుసు అంటే దాదాపు 113 చదరపు అడుగుల వృత్తం. కాకపోతే చెట్టుకు కట్టారు కాబట్టి, కుక్క ఒకే వైపు తిరిగితే ప్రతి చుట్టుకూ గొలుసు తగ్గిపోతూ వస్తుంది. సాయంత్రానికి ఎన్ని అడుగులు మిగిలిందో చూసి చెప్పండి.

కాజీపేట జంక్షన్

113 అడుగులా! హైదరాబాద్‌లో మా అన్న కొడుకు పడకగది అంతకన్నా చిన్నది. దానికి నెలనెలా బ్యాంకుకు కిస్తీ కూడా కడుతున్నాడు.

మామునూరు మూడో సంవత్సరం

నేను మామునూరు పశువైద్య కళాశాలలో చదువుతున్నాను. గొలుసు పొడుగు కన్నా ముందు చూడాల్సినవి ఉన్నాయి. పొద్దున ఎనిమిదిన్నరకు నీడ ఉన్న చోట మధ్యాహ్నం ఒంటిగంటకు నీడ ఉంటుందా? మే నెలలో మనకు 44, 45 డిగ్రీలు మామూలే. కుక్కకు పాదాల దగ్గర కొద్దిగా తప్ప మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూనే ఒంటి వేడి దించుకోవాలి. గొలుసు తగిలి నీళ్ల గిన్నె పది గంటలకే బోర్లా పడితే సాయంత్రం దాకా ఎవరు చూస్తారు? అడుగుభాగం వెడల్పుగా ఉన్న మట్టి తొట్టి పెట్టండి, బోర్లా పడదు.

ఇంకొకటి, పిడుదులు. మెడ బెల్టు కింద, చెవుల లోపల, కాలి వేళ్ల మధ్య వారానికి రెండుసార్లు వెతకండి. వాటి వల్ల వచ్చే జ్వరంలో తిండి మానేస్తుంది, చిగుళ్లు తెల్లబడతాయి, కొన్నిసార్లు ముక్కు నుంచి రక్తం కారుతుంది. ఆ దశ దాకా ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి.

నర్సంపేట దారి

అందరూ కుక్క బాధ రాస్తున్నారు. నాది వేరే బాధ. మా వీధిలో ఒకాయన తన కుక్కను కట్టేయడు. "స్వేచ్ఛగా పెరగాలి" అంటాడు. రెండేళ్ల కింద మా చిన్నోడు ట్యూషన్ నుంచి వస్తుంటే పిక్క పట్టుకుంది. పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆ రోజు ఒకటి, ఆ తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు సూదులు. గాయం లోతుగా ఉందని ఆ చుట్టూ ఇంకో సూది. వాడి ఏడుపు నాకింకా వినిపిస్తుంది. కుక్క యజమానిని అడిగితే, "మీ అబ్బాయి పరుగెత్తాడు, అందుకే కరిచింది" అన్నాడు. కుక్కకు టీకా వేయించిన కాగితం చూపించమంటే తలుపు వేసుకున్నాడు. ఇప్పటికీ వాడు ఆ వీధిలో నడవడు, చుట్టు తిరిగి వెళ్తాడు. కాబట్టి కట్టేయండి. ఆరడుగులు కాదు, మూడడుగులకే కట్టేయండి.

మల్లెతీగ

మీ అబ్బాయికి జరిగింది ఘోరమే. కానీ ఇక్కడ వీధిలో వదిలేయమని ఎవరన్నారు? ప్రహరీ లోపల వదలడానికీ వీధిలో వదలడానికీ తేడా లేదా?

నర్సంపేట దారి

మా పక్కాయనకూ ప్రహరీ ఉంది. గేటే ఎప్పుడూ తీసి ఉంటుంది.

బాలసముద్రం

సాయంత్రం వచ్చి చూశాను. లెక్కల పంతులు గారు చెప్పినట్టే గొలుసు చెట్టుకు మూడు చుట్లు తిరిగి ఉంది. మిగిలింది రెండడుగులు కూడా లేదు. నీళ్ల గిన్నె గేటు దగ్గర బోర్లా పడి ఉంది. బాపు నిద్రపోతున్నారు. నాకు తలకొట్టేసినట్టయింది.

పలకాబలపం గారూ, మీ ప్రశ్నకు ఇంట్లో అందరినీ అడిగాను. మా ఆవిడ "సిట్" అంటుంది, నేను "కూర్చో" అంటాను, అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా "డౌన్" అంటుంది. బాపు మాత్రం "ఏయ్" అని కర్ర ఎత్తుతారు.

పలకాబలపం

ఇందుకే అడిగాను. ఇల్లంతా తెలుగు, కుక్కకు మాత్రం ఇంగ్లీషు మీడియం! అది భాష చూడదు, ఒకే శబ్దం ఒకే పనికి వస్తుందా అని చూస్తుంది. పెద్దాయన నోటికి ఏ మాట సులువుగా వస్తుందో అదే ఖాయం చేయండి. పగలంతా దానితో ఉండేది ఆయనే కదా.

మల్లెతీగ

జంక్షన్ గారూ, పెరుగన్నం తిని పద్నాలుగేళ్లు బతికింది అన్నారు. బతకడం వేరు, బాగుండటం వేరు. మీ తరానికి కుక్క అంటే గేటుకు తాళం కప్పలాంటిదే. ఇష్టం లేనప్పుడు ఎందుకు పెంచడం?

కాజీపేట జంక్షన్

ఇష్టం గురించి నువ్వు చెప్పాలా?

మా ఇంట్లో ఇప్పుడున్నది హస్కీ. మంచుదేశపు కుక్క, కాజీపేటలో! కొన్నది నేను కాదు, మా అమ్మాయి. ముద్దుగా ఉందని యాభై వేలు పోసి తెచ్చింది, ఎనిమిది నెలలు ఫొటోలు తీసింది, తర్వాత కెనడా వెళ్లిపోయింది. నాకు అరవై ఎనిమిదేళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయి. రోజూ తెల్లవారుజామున అయిదింటికి లేచి ఆ కుక్క నన్ను లాక్కుని పోతుంది. నేను దాన్ని తిప్పడం కాదు, అది నన్ను తిప్పుతుంది. ఎండాకాలం దానికోసం కూలర్, ఆ కరెంటు బిల్లు నా పింఛనులోంచి. మేడారం జాతరకు పోదామన్నా దీన్ని ఎవరికి అప్పగించాలని మా ఇంటావిడ ఆగిపోయింది. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మాయి, "నాన్నా, స్నోయీ చిక్కిపోయింది, వాకింగ్‌కు తీసుకెళ్లడం లేదా?" అంటుంది. నా మోకాళ్లు ఎలా ఉన్నాయని అడగదు.

నువ్వు చెప్పిన ఆ పదకొండో సెక్షన్‌లోనే, కారణం లేకుండా జంతువును వదిలేసి వెళ్లడం కూడా నేరమని ఉంది. అది చదవలేదా? సరే, నీకు కుక్క ఉందా? ఇప్పుడు ఎక్కడుంది?

గుడి వీధి

హస్కీకి ఎండాకాలం గుండు కొట్టిస్తే సరిపోతుంది కదా?

మామునూరు మూడో సంవత్సరం

వద్దు. దానికి రెండు పొరల బొచ్చు ఉంటుంది. గొరిగిస్తే ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది, మళ్లీ సరిగ్గా మొలవకపోవచ్చు కూడా. ఊడే బొచ్చును దువ్వి తీసేయండి, చాలు.

మల్లెతీగ

ఆ సెక్షన్‌లో ఉన్నది ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలేయడం గురించి. మీ అమ్మాయి అలా వదల్లేదు.

ఉంది. పేరు బ్రౌనీ. పరకాలలో మా అమ్మ దగ్గర ఉంది. నేను బెంగళూరులో ఉంటాను, ఇంటి ఓనరు కుక్కను ఒప్పుకోడు. మూడు ఇళ్లు మారాను, ఎవరూ ఒప్పుకోలేదు. నెలకొకసారి వెళ్తాను. తిండికి, మందులకు డబ్బు పంపుతాను. మీరు అడగబోయేది కూడా నేనే చెబుతాను. అమ్మ దాన్ని కట్టేస్తుంది. బావి పక్కన రాతి స్తంభానికి, నైలాన్ తాడుతో. మెడ దగ్గర బొచ్చు ఊడిపోయి పుండు పడింది. ఫోన్ చేసిన ప్రతిసారీ అదే గొడవ. పోయిన వారం అమ్మ ఫోన్ పెట్టేసింది.

నర్సంపేట దారి

అంటే తిట్టాల్సింది అమ్మను, దొరికింది జంక్షన్ గారు.

మల్లెతీగ

తిట్టాల్సింది అమ్మను కూడా కాదు.

బాలసముద్రం

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సీజర్‌ను కొన్నది మా తమ్ముడే. కరోనా సమయంలో ఇంటి నుంచి పని చేస్తూ ఇక్కడే ఉన్నాడు. ఆఫీసుకు రమ్మన్న నెలలో "ఒక్క వారం చూడన్నా" అని వదిలి వెళ్లాడు. ఆ వారం ఇంకా అవలేదు. మొదటి పోస్టులో ఇది ఎందుకు రాయలేదో నాకే తెలియదు. రాస్తే వాడి మీద చాడీ చెప్పినట్టు ఉంటుందని కాబోలు.

కాజీపేట జంక్షన్

చూశావా. పెంచేది ఒకరు, ప్రేమించేది ఒకరు.

మల్లెతీగ

డబ్బు పంపడం, నెలకొకసారి రావడం ప్రేమలోకి రాదంటారా? ఉద్యోగం మానుకుని పరకాలలో కూర్చోవాలా? మీ అమ్మాయిని కూడా ఇలాగే అడుగుతారా?

కాజీపేట జంక్షన్

అడగను. అడిగితే కుక్కను ఎవరికైనా ఇచ్చేయమంటుంది. ఇచ్చేస్తే పొద్దున అయిదింటికి నేనేం చేయాలి?

పలకాబలపం

చర్చ గొలుసు దగ్గర మొదలైంది, గుర్తుందా?

మామునూరు మూడో సంవత్సరం

మెడ పుండుకు తాడు వెంటనే తీయాలి. మెడకు కాకుండా ఛాతీ చుట్టూ వచ్చే బెల్టు వాడండి. ఈగలు వాలితే పురుగు పడుతుంది, కాబట్టి వచ్చే నెల దాకా ఆగొద్దు, ఈ వారమే ఎవరితోనైనా చూపించండి. ప్రతిదీ కట్టేయడమా, వదిలేయడమా అని కొట్లాడుకోవాల్సిన పని లేదు. రెండు గుంజల మధ్య తలకన్నా ఎత్తులో గట్టి తీగె లాగి, దానికి కడియం వేసి, కడియానికి గొలుసు తగిలిస్తే కుక్క ఆ పొడవునా నడుస్తుంది. దేనికీ చుట్టుకోదు. తీగె చివర్లు గోడకు, మెట్లకు దగ్గరగా రాకూడదు. గేటు ఎదురుగా వద్దు, ఇంటి వెనక లాగండి. మనుషులు కనిపించకపోతే సగం మొరుగుడు తగ్గుతుంది. అయినా మనిషి కనిపెట్టుకుని ఉన్నంతసేపే అది.

కట్టే ముందు అరగంట తిప్పాలి. అన్నం గిన్నెలో పోయకుండా, పాత టవల్ పరిచి పొడి మేత గింజలు చల్లి చుట్టి ఇవ్వండి. వాసన పట్టి, విప్పి తినడానికి కాసేపు పడుతుంది, ఆ పనికి అదీ కొంత అలసిపోతుంది. తిన్నాక టవల్ తీసేయండి, లేకపోతే అదీ తింటుంది.

బాలసముద్రం

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. ఇంటి వెనక తీగె లాగించాను, పద్దెనిమిది అడుగులు వచ్చింది. బాపు కర్ర పక్కన పెట్టి కుర్చీలో కూర్చుని "కూర్చో" అంటున్నారు, బిస్కెట్టు ముక్క పెడుతున్నారు. పది సార్లకు ఆరు సార్లు కూర్చుంటోంది. మీదికి ఎగరడం ఇంకా పోలేదు, నిన్న మా ఆవిడ చీర చిరిగింది. తమ్ముడికి తీగె ఫొటో పంపాను. వేలెత్తి మెచ్చుకున్న బొమ్మ ఒకటి వచ్చింది, అంతే.

నర్సంపేట దారి

గేటు గడియ కూడా సరిచూసుకోండి.

మల్లెతీగ

శనివారం పరకాల వెళ్తున్నాను. ఛాతీ బెల్టు కొన్నాను. అమ్మకు ఇంకా చెప్పలేదు.

కాజీపేట జంక్షన్

ఆ టవల్ సంగతి ఎవరైనా వివరంగా రాయండి. పెద్దదా, చేతి టవలా? పెరుగన్నం అయితే ఎలా చుట్టాలి? గొలుసు మాత్రం ఆరడుగులు చాలు, ఆ మాట మీద నేను ఉన్నాను.