రెడ్ హెడ్ తపజోస్ చేపలకి ఇసుక కంపల్సరీనా? గ్రావెల్ మీద పెంచితే ఏమవుద్ది?

కృష్ణలంక_ట్యాంక్:
అందరికీ నమస్తే అండి. మా ఇంట్లో 4 అడుగుల ట్యాంక్ ఉంది, 4 x 1.5 x 1.5, నీళ్ళు ఓ 250 లీటర్లు పడతాయి, కెనిస్టర్ ఫిల్టర్ (ట్యాంక్ బయట పెట్టే డబ్బా ఫిల్టర్), కింద 3-4 ఎంఎం నల్ల గ్రావెల్. చేపలు ఏంజెల్స్, టెట్రాలు, ఒక ప్లెకో ఉన్నాయి. మొన్న షాపులో రెడ్ హెడ్ తపజోస్ జియోఫేగస్ (సిక్లిడ్ జాతి చేప, జియో అని కూడా అంటారు) పిల్లలు దిగాయి, 2 ఇంచులు ఉంటాయేమో, అప్పట్నుంచి మనసంతా అక్కడే ఉంది. షాపాయన్ని అడిగితే "గ్రావెల్ అయినా ఏం కాదు సార్, అలవాటు పడిపోతాయి" అన్నాడు, నెట్‌లో చూస్తే ఇసుక లేకుండా కొనొద్దు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? ఇసుకే అయితే మా సందులో ఇల్లు కడుతున్నారు, ఎం-శాండ్ కుప్ప పోసుంది, కడిగి వేసేయొచ్చా? లేదంటే సూర్యలంక బీచ్‌కి వెళ్ళినప్పుడు ఒక బస్తా తెచ్చుకుంటా. ఇంకోటి, వాలిస్నేరియా, అమెజాన్ స్వోర్డ్ మొక్కలు బాగా పెరిగున్నాయి, అవి తీసేస్తే ఇంట్లో గొడవే.

హైద్_సిక్లిడ్:
అన్నా గా షాపాయన చెప్పింది సగమే నిజం. గ్రావెల్ మీద చచ్చిపోవు, బతుకుతయి. కానీ గీ చేప బతుకే ఇసుకలో ఉంటది. బ్రెజిల్‌ల తపజోస్ నది అని అమెజాన్‌ల కలుస్తది, అక్కడ ఇసుక అడుగు మీద గుంపులు గుంపులుగ తిరుక్కుంట నోటినిండ ఇసుక తీస్కొని, లోపల జల్లించి, తినేది ఏదన్న ఉంటే మింగి మిగతాది మొప్పల్లకెళ్ళి, నోట్లకెళ్ళి వదిలేస్తయి. పొద్దంతా గదే పని. ఇప్పుడు నీ 3-4 ఎంఎం రాయి మొప్పల్లకెళ్ళి ఎట్ల బయటికొస్తది చెప్పు? నమిలి ఉమ్మేసుడే. పెద్దయినంక ఒక్కోసారి గొంతుల ఇరుక్కుంటది కూడా.

ఎం-శాండ్ అస్సలు వద్దు. అది గ్రానైట్ పగలగొట్టి చేసింది, అంచులు కోసుగ ఉంటయి, ఎంత కడిగినా ఆ కోసు పోదు. బీచ్ ఇసుకల గవ్వల ముక్కలుంటయి, కరుక్కుంట నీళ్ళ హార్డ్‌నెస్, పీహెచ్ పెంచుతయి. నదుల ఇసుక దొరికితే మంచిగ జల్లెడ పట్టి బొంబాయి రవ్వ సైజుది తీస్కో, లేకుంటే స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్ల వేసే సిలికా శాండ్ కొను, అది గుండ్రంగ ఉంటది, దుమ్ము తక్కువ. ఏదైనా సరే చిటికెడు తీసి వెనిగర్ పొయ్యి, బుడగలొస్తే పక్కన పడెయ్. ఇంచున్నర మందం చాలు, నీ ట్యాంక్‌కి 30 కిలోల పైనే పడ్తది.

నాచుపీచు:
నాది కొంచెం వేరే అభిప్రాయం. ట్యాంక్ అంతా తిరగేయాల్సిన పని లేదండి, ముందు సగం ఇసుక, వెనక గ్రావెల్‌లో మొక్కలు, మధ్యలో రాళ్ళు అడ్డం పెడితే రెండూ కుదురుతాయి. చూడ్డానికి కూడా బాగుంటుంది.

హైద్_సిక్లిడ్:
చిన్నగున్నప్పుడు కుదుర్తది. 6-7 ఇంచులైనంక ఆ అడ్డం ఏం ఆగదు బ్రో, తవ్వి తవ్వి రెండూ కలిపేస్తయి, తర్వాత ఇసుకల గ్రావెల్ ఏరుకుంట కూసోవాలె. వాలిస్నేరియా మీద ఆశ వదులుకో అన్నా, వేర్లు పట్టుకునేలోపే పైకి తేల్తది. స్వోర్డ్ ముదురుది అయితే కుండీల పెట్టి చుట్టూ పెద్ద రాళ్ళు పెట్టు, ఉంటే ఉంటది. అనూబియాస్, జావా ఫెర్న్ అయితే కట్టెకి కట్టేస్తవు కాబట్టి వాటి జోలికి రావు. ఇంట్ల అవి చూపించి ఒప్పించు.

కొళత్తూరు_బ్యాచ్:
నేను చెన్నైలో ఉంటా, ఇక్కడ కొళత్తూరు మార్కెట్లో జియోలు బాగానే దొరుకుతాయి, అందుకే ఈ జబ్బు నాకూ అంటుకుంది. ఇసుక సంగతి పైన చెప్పేశారు కాబట్టి నేను నీళ్ళ గురించి చెప్తా, ఎందుకంటే ఇసుక వేసేసి అంతా అయిపోయిందనుకునేవాళ్ళే ఎక్కువ. ఈ చేపలకి నైట్రేట్ (చేపల మురికి వల్ల నీళ్ళలో పేరుకునేది) పడదండి. పెరిగితే నెత్తి మీద, కళ్ళ చుట్టూ చిన్న చిన్న గుంటలు పడతాయి, హోల్ ఇన్ ద హెడ్ అంటారు, అది వచ్చాక మందులు వాడటం కంటే రాకముందే ఆపడం తేలిక. నైట్రేట్ 20 పీపీఎం దాటనివ్వకుండా వారానికి సగం నీళ్ళు మార్చండి. బోర్ నీళ్ళు కాస్త హార్డ్ అయినా ఫామ్‌లో పుట్టిన తపజోస్ సర్దుకుంటుంది, రోజుకో రకంగా మారకపోతే చాలు. అదే సాటనోపెర్కా డీమన్ (ఇలాగే ఇసుక జల్లించే ఇంకో చేప) లాంటివి అయితే మెత్తటి నీళ్ళు లేకుండా ముట్టుకోవద్దనే చెప్తా. టెంపరేచర్ 28 దగ్గర పెట్టండి, చలికాలం హీటర్ ఉండాలి, మీ బెజవాడ ఎండల్లో హీటర్ గొడవ ఉండదు గానీ నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గిపోద్ది, కరెంటు పోయినా నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి.

ఒకటో రెండో కొనకండి, కనీసం 5 లేదా 6 ఉండాలి, లేకపోతే బలమైనది మిగతాదాన్ని నలిపేస్తుంది. అన్నీ పెద్దయితే 4 అడుగులు ఇరుకే, 5 అడుగుల ట్యాంక్ గురించి ఇప్పట్నుంచే ఇంట్లో చెవిన వేయండి. మేత చిన్న సింకింగ్ పెల్లెట్స్, కొంచెం స్పిరులినా ఉన్నవి, రోజుకి రెండు మూడుసార్లు కొద్దికొద్దిగా.

కృష్ణలంక_ట్యాంక్:
చాలా థాంక్స్ అండి, ఎం-శాండ్ ఆలోచన మానేశా. గ్రావెల్ తీసేటప్పుడు చేపల్ని బయటికి తీయాలా? బ్యాక్టీరియా పోయి మళ్ళీ సైకిల్ (నీళ్ళని శుభ్రం చేసే ఆ బ్యాక్టీరియా పెరగడం) మొదటికి వస్తుందేమోనని భయం. ఆస్కార్ చేప ఒకటి ఇస్తానంటున్నాడు మా బావమరిది, వీటితో కలుస్తుందా?

కొళత్తూరు_బ్యాచ్:
ఆస్కార్ వద్దే వద్దు, మీ టెట్రాలు ముందు దాని కడుపులోకే పోతాయి. చేపల్ని టబ్బులోకి మార్చి గ్రావెల్ తీయండి, కదిపితే కిందున్న మురికంతా ఒక్కసారి లేస్తుంది. ఆ టబ్బులోనే కెనిస్టర్ నడుస్తూ ఉండాలి, దాని మీడియా (లోపలి స్పాంజ్, రింగులు) కడగొద్దు, బ్యాక్టీరియా ఎక్కువ భాగం అందులోనే ఉంటుంది. జియోలు వెంటనే తేకుండా ఓ రెండు వారాలు అమ్మోనియా చూసుకోండి.

హైద్_సిక్లిడ్:
ఇంకోటి అన్నా, ఫిల్టర్ ఇన్‌టేక్ (నీళ్ళు పీల్చే పైపు) ఇసుకకి నాలుగైదు ఇంచులు పైకి పెట్టి స్పాంజ్ తొడుగు, లేకుంటే ఇంపెల్లర్ (మోటార్ల తిరిగే రెక్క) అరిగిపోతది. పెద్ద రాళ్ళు ముందు గ్లాస్ మీద పెట్టి తర్వాత ఇసుక పొయ్యి. ఇసుక మీద పెడితే కింద తవ్వి పడగొడ్తయి, గ్లాస్ పగులుతది. ఒక బల్లపరుపు రాయి కూడా ఉంచు, జత కుదిరితే దాని మీదే గుడ్లు పెడ్తయి, పిల్లలు పొదిగినంక తల్లి తండ్రి ఇద్దరూ నోట్లో పెట్టుకొని కాస్తయి. అప్పుడు ఫోటో పెట్టు మాకు.