పాత పంటల జాతర: విత్తనం కోసమా, ఫొటోల కోసమా?

జొన్నచేను: జహీరాబాద్ చుట్టుపక్కల ఏటా సంక్రాంతికి మొదలై నెల రోజుల దాకా ఊరూరా తిరిగే పాత పంటల జాతర గురించి అడుగుతున్నా. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు ఏళ్లుగా నడుపుతున్నాయి. ఎడ్లబండ్లు ముస్తాబు చేసి, బుట్టల నిండా విత్తనాలతో, పాటలు పాడుకుంటూ వస్తారు. చూడ్డానికి కన్నుల పండుగే. కానీ బండ్లు వెళ్లాక చుట్టూ చూడండి, పత్తి, చెరకు. ఇన్నేళ్లలో ఒరిగిందేమిటి?

కాటా బాట్లు: పత్తికీ చెరకుకీ కొనేవాడున్నాడు. కొర్రలకూ సామలకూ కేంద్రం ప్రకటించే మద్దతు ధరే లేదు. పైగా రేషన్‌లో బియ్యం వస్తున్నాయి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది, నగరాల్లో స్టాళ్లు పెట్టారు, సెల్ఫీలు దిగారు. అంతే.

ఎర్రనేల అక్క: అన్నా, స్టాళ్లనూ దీన్నీ ఒకే గాటన కట్టకండి. మాది ఆ వైపే. జాతర అమ్మకానికి కాదు, విత్తనం చేతులు మారడానికి. బుట్టకు పేడా మట్టీ అలికి, విత్తనంలో బూడిద, వేపాకు కలిపి దాస్తారు. బండి మా వాడకట్టుకు వస్తే ఆడవాళ్లు ముందు పూజ చేస్తారు, తర్వాత బుట్టల్లో చెయ్యి పెడతారు. మా చిన్నమ్మ తెల్ల తొగరి (కంది) గింజలు అరచేతిలో వేసుకుని, పక్క ఊరావిడను "ఏ నేలలో వేసినవ్? పురుగు పట్టిందా?" అని అరగంట నిలదీసింది. ఆ కబురు ఏ ఎరువుల దుకాణంలో దొరుకుతుంది? నీళ్లు లేని ఎర్రమట్టిలో జొన్న, తొగరి, అనుములు కలిపేస్తే వాన మొహం చాటేసినా ఏదో ఒకటి ఇల్లు చేరుతుంది. చుట్టూ కుసుమ వేస్తే ముళ్లకు పశువులు దూరవు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ ఊరికే రాలేదు.

కాటా బాట్లు: అవార్డుతో అప్పు తీరదక్కా. కొర్ర కంకి మీద పిట్టలు వాలితే కాపలా ఎవరు? పొట్టు తీయడం ఎవరు? దంచే పనంతా ఆడవాళ్ల మీదే కదా. దాన్ని వారసత్వం అని పొగడటం మనకు తేలిక.

ఎర్రనేల అక్క: దంచే పని మాట నిజమే. ఊరికో పొట్టు తీసే మిషన్ కావాలని మేమూ అడుగుతున్నాం. అది జాతర తప్పెలా అవుతుంది? విత్తనమే పోతే రేపు మద్దతు ధర ఇచ్చినా ఏం వేస్తారు?

జొన్నచేను: విత్తనం సంగతి ఒప్పుకుంటా, అక్కా. అయితే బండ్లు ఊర్లన్నీ తిరిగి జహీరాబాద్ దగ్గరి మాచనూరులో జాతర ముగిసేసరికి యాసంగి జొన్న కోతకొస్తుంది. ముగింపు సభకు అధికారులను పిలిచి మాలలు వేసే బదులు, జొన్న ఎక్కడ, ఎప్పటినుంచి కొంటారో వేదిక మీదే చెప్పించొచ్చుగా?

కాటా బాట్లు: చెప్పిస్తే నేనే బండి కడతా. అప్పటిదాకా నా పొలంలో పత్తే.