న్యూట్రినోను వంచేది గురుత్వమా, అయస్కాంత క్షేత్రమా?

మల్లేశ్వరం పాఠకుడు:

గత నెలలో బెంగళూరులో మా తెలుగు మిత్రులు కొందరు జరుపుకొన్న విజ్ఞాన గోష్ఠిలో ఒక వక్త న్యూట్రినో అనే అతి సూక్ష్మ కణం గురించి మాట్లాడుతూ, దానికి విద్యుదావేశం లేదు కాబట్టి అయస్కాంత క్షేత్రం దాని జోలికి పోలేదనీ, ద్రవ్యరాశి దాదాపు శూన్యం కాబట్టి గురుత్వాకర్షణ కూడా దానిని వంచలేదనీ, అందువల్ల అది పుట్టినచోటి నుంచి మన దాకా లాగి కట్టిన తాడులా తిన్నగా వస్తుందనీ అన్నారు. సభలో ఎవరూ కాదనలేదు. నాకు మొదటి సగం నిజమనిపించింది, రెండో సగం తప్పనిపించింది. మా నాన్నగారు కోలారు బంగారు గనుల్లో పనిచేసినవారు. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను 1965లో ఆ గనుల్లోనే, రెండు కిలోమీటర్లకు మించిన లోతున అమర్చిన పరికరాలతో పట్టుకొన్నారు. ఆ కణం గురించి పొరపాటు మాట ప్రచారమైతే నాకు బాధ కలుగుతుంది. తెలిసినవారు ఆధారాలతో చెప్పగలరా?

విశ్రాంత అధ్యాపకుడు, జయనగర్:

రెండో సగం తప్పే. ద్రవ్యరాశి తక్కువైతే గురుత్వ ప్రభావం తక్కువవుతుందనుకోవడం మా తరగతుల్లో ఏటా వినిపించిన పొరపాటు. గురుత్వ క్షేత్రంలో పడే వస్తువు త్వరణం దాని ద్రవ్యరాశి మీద ఆధారపడదు. ఆ మాటనే తుల్యతా సూత్రంగా తీసుకొని ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతాన్ని నిర్మించాడు. అసలు ద్రవ్యరాశే లేని కాంతి సూర్యుని అంచును తాకుతూ పోయేటప్పుడు 1.75 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వంగుతుంది. న్యూట్రినో కూడా అంతే వంగాలి. తేడా ఎంతో లెక్క వేయవచ్చు. న్యూట్రినో ద్రవ్యరాశి 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్ (కణాల ద్రవ్యరాశిని, శక్తిని కొలిచే చిన్న ప్రమాణం) అనీ, శక్తి 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్ట్‌లనీ అనుకొంటే, ఆ రెండింటి నిష్పత్తి వర్గం 10⁻¹⁴. కాంతి వంపుకూ న్యూట్రినో వంపుకూ మధ్య తేడా ఆ పాటిదే.

ఇంకొక సంగతి ఉంది. కాంతి సూర్యుని చుట్టూ పోగలదు గానీ లోపలి నుంచి పోలేదు. న్యూట్రినోకు సూర్యగోళమంతా పారదర్శకమైన గాజు వంటిదే. సూర్యుని ద్రవ్యంలో ఎక్కువ భాగం నడిమధ్య దట్టంగా పేరుకొని ఉంటుంది కాబట్టి, సుదూర నక్షత్రం నుంచి వచ్చి సూర్యుని గర్భం గుండా సాగే న్యూట్రినోలు భూమి–సూర్యుల దూరానికి సుమారు 23.5 రెట్ల దూరంలోనే ఒకచోట కూడుకోవడం మొదలవుతుంది. అది యురేనస్ కక్ష్యకు ఆవల, నెప్ట్యూన్ కక్ష్యకు ఈవల. సూర్యుని అంచును రాసుకుంటూ పోయే కాంతి కూడుకోవడానికి మాత్రం దాదాపు 550 రెట్ల దూరం పోవాలి. కాబట్టి సూర్యుని కటకంగా చూస్తే, కాంతి కంటే న్యూట్రినోల విషయంలోనే ఆ కటకం బలమైనది.

ఇదంతా కాగితం మీది లెక్క అంటారేమో. పెద్ద మెజెల్లానిక్ మేఘమనే పొరుగు గెలాక్సీలోని సూపర్నోవా (పేలిపోయిన నక్షత్రం) నుంచి బయల్దేరిన న్యూట్రినోలలో రెండు డజన్లను 1987 ఫిబ్రవరి 23న జపాన్‌లోని కామియోకాండే, అమెరికాలోని ఐఎంబీ, రష్యాలోని బక్సాన్ పరికరాలు పట్టుకొన్నాయి. వాటి తరువాత కొన్ని గంటలకే కాంతి కనిపించింది. మన పాలపుంత గురుత్వం వల్ల ఆ కాంతి ప్రయాణం నెలల కొద్దీ ఆలస్యమై ఉంటుంది. గురుత్వం న్యూట్రినోను పట్టించుకోకపోయి ఉంటే అవి కాంతి కంటే నెలల ముందే వచ్చి వెళ్లిపోయేవి. 1988లో లాంగో ఒకవైపు, క్రాస్, ట్రెమెయిన్‌లు మరొకవైపు ఈ లెక్కనే ప్రచురించారు. కాంతి, న్యూట్రినోల ఆలస్యాలు నూటికి ఒక వంతు తేడా కూడా లేకుండా సమానమని వారు తేల్చారు.

పరిశోధక విద్యార్థిని, యశవంతపురం:

గురుత్వం గురించి మాస్టారు చెప్పినదానిలో నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరం మల్లేశ్వరం వారు నిజమని ఒప్పుకొన్న మొదటి సగం మీద. ఆవేశం లేని కణానికి అయస్కాంత క్షేత్రంతో పని లేదనుకొంటే న్యూట్రాన్ విషయంలోనే ఆ మాట తప్పిపోతుంది. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు, అయినా అయస్కాంత భ్రామకం, అంటే చిన్న అయస్కాంతంలా ప్రవర్తించే గుణం, ఉంది. న్యూట్రినోకు ద్రవ్యరాశి ఉన్నదని డోలనాల (ప్రయాణంలో ఒక రకం న్యూట్రినో మరొక రకంగా మారడం) వల్ల రుజువైంది కాబట్టి, దానికి కూడా అతి స్వల్పమైన భ్రామకం ఉండక తప్పదు. న్యూట్రినో, దాని ప్రతికణం వేర్వేరైతే ఆ భ్రామకం ఎంతో 1980లో ఫుజికావా, ష్రాక్‌లు లెక్కకట్టారు. ద్రవ్యరాశి 1 ఎలక్ట్రాన్ వోల్ట్ అయితే భ్రామకం బోర్ మాగ్నెటాన్‌లో (ఎలక్ట్రాన్ భ్రామకాన్ని కొలిచే ప్రమాణం) సుమారు 3.2 × 10⁻¹⁹ వంతు.

ఇక్కడ దారిని, స్పిన్‌ను (కణానికి సహజంగా ఉండే భ్రమణ గుణాన్ని) వేరుచేసి చూడాలి. అయస్కాంత క్షేత్రం న్యూట్రినో దారిని మార్చదు. క్షేత్రం చోటుచోటుకూ మారుతున్నప్పుడు భ్రామకం మీద కొంత బలం పనిచేసినా అది లెక్కలోకి రాదు. క్షేత్రం చేసే అసలు పని స్పిన్‌ను తిప్పడం. మన ప్రయోగాల్లో దొరికే న్యూట్రినోలన్నీ ఎడమచేతివాటానివి, అంటే వాటి స్పిన్ దిశ ప్రయాణ దిశకు ఎదురుగా ఉంటుంది. స్పిన్ తిరగబడితే అది కుడిచేతివాటానిదై, న్యూట్రినో పదార్థంతో చర్య జరిపే బలహీన బలానికి అందకుండా పోయి, మన పరికరాలకు కనబడదు. 1971లో సిస్నెరోస్, 1986లో వొలోషిన్, విసోత్‌స్కీ, ఒకున్‌లు సౌర న్యూట్రినోల కొరతకు (సూర్యుని నుంచి రావలసినన్ని న్యూట్రినోలు దొరకకపోవడానికి) ఇదే కారణమై ఉండవచ్చునని ప్రతిపాదించారు. భ్రామకం 10⁻¹¹ బోర్ మాగ్నెటాన్ ఉండి, సూర్యుని ఉపరితలం కిందనున్న సంవహన మండలంలో 10,000 గాస్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) క్షేత్రం రెండు లక్షల కిలోమీటర్ల మేర ఉంటే స్పిన్ గణనీయంగా తిరుగుతుంది. ఎవరైనా పది నిమిషాల్లో లెక్క వేసి చూసుకోవచ్చు.

విశ్రాంత అధ్యాపకుడు, జయనగర్:

అమ్మా, మీ లెక్కలో తప్పు లేదు. కానీ 10⁻¹¹ అన్న సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది? మీరే చెప్పిన సిద్ధాంతం ప్రకారం, 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్ ద్రవ్యరాశికి భ్రామకం 3 × 10⁻²⁰. రెండింటి మధ్య సుమారు ముప్పై కోట్ల రెట్ల తేడా ఉంది. ఇక సౌర న్యూట్రినోల కొరతకు కారణం డోలనాలేనని కెనడాలోని సడ్‌బరీ ప్రయోగం 2001, 2002లలోనూ, జపాన్‌లోని కామ్‌లాండ్ 2002లోనూ తేల్చివేశాయి. సూర్యుని మచ్చల పదకొండేళ్ల చక్రంతోపాటు న్యూట్రినోల సంఖ్య కూడా మారుతున్నదని అమెరికాలోని హోమ్‌స్టేక్ ప్రయోగపు సంఖ్యలను చూసి కొందరు నమ్మారు. సూపర్ కామియోకాండేలో ఆ మార్పు కనబడలేదు. 2020లో ఇటలీలోని గ్రాన్ సాసోలో క్సెనాన్-1టీ పరికరంలో కొన్ని అదనపు సంకేతాలు కనబడినప్పుడు భ్రామకం మాట మళ్లీ లేచింది. 2022లో దాని తరువాతి పరికరం ఆ అదనాన్ని చూడలేదు సరికదా, భ్రామకం సుమారు 6 × 10⁻¹² కంటే ఎక్కువ ఉండదని హద్దు గీసింది. గురుత్వ ప్రభావం కొలతకు అందింది. భ్రామకం ఒక్కసారి కూడా అందలేదు. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి సామాన్య శ్రోతలకు చెప్పవచ్చునా?

పరిశోధక విద్యార్థిని, యశవంతపురం:

కొలతకు అందలేదన్నది నిజం, దానిని నేను దాచలేదు. అయితే వక్త అన్నది "కొలవలేదు" అని కాదు, "జోలికి పోలేదు" అని. ఈ రెండు మాటలు ఒకటి కావు. మీరిచ్చిన అతి చిన్న సంఖ్యనే తీసుకొని మాగ్నెటార్ (అతి బలమైన అయస్కాంత క్షేత్రమున్న న్యూట్రాన్ నక్షత్రం) దగ్గర లెక్క చూద్దాం. 10¹⁵ గాస్ క్షేత్రం పది కిలోమీటర్ల మేర ఉందనుకొంటే, శూన్యంలో స్పిన్ తిరగబడే సంభావ్యత పదివేలలో ఒక వంతుకు కొంచెం తక్కువగా వస్తుంది. దట్టమైన పదార్థంలో అది ఇంకా పడిపోతుందని ఒప్పుకొంటాను. అయినా సున్న కాదు. పైగా న్యూట్రినో తనకు తానే ప్రతికణమైతే, అంటే మయొరానా రకానిదైతే, దానికి సొంత భ్రామకం ఉండదు. ఒక రకం నుంచి మరొక రకం ప్రతిన్యూట్రినోగా మార్చే భ్రామకం మాత్రమే ఉంటుంది. కాబట్టి అయస్కాంత క్షేత్రంలో న్యూట్రినో ఏమవుతుందన్న ప్రశ్న దాని అసలు స్వభావమేమిటన్న ప్రశ్నతో ముడిపడి ఉంది. ఆ ముడి వల్లనే నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల.

మారతహళ్లి ఇంజనీరు:

నేను చదివినంతలో ఒక సందేహం. 1975లో కొలెల్లా, ఓవర్‌హౌసర్, వెర్నర్‌లు న్యూట్రాన్ పుంజాన్ని రెండుగా చీల్చి, ఒక పాయను కొంచెం ఎత్తులో, మరొకదానిని కింద నడిపి, భూగురుత్వం వల్ల వాటి మధ్య దశాభేదం (తరంగాల ఎగుడుదిగుళ్లు ఒకదానితో ఒకటి కలవకపోవడం) వస్తుందని ప్రయోగంలో చూపారు. న్యూట్రినో డోలనం కూడా దశాభేదమే కదా. అలాంటప్పుడు గురుత్వం దారిని వంచడంతో ఆగకుండా డోలనాన్నే మార్చాలి. 1996లో అహ్లువాలియా, బర్గార్డ్‌లు న్యూట్రాన్ నక్షత్రం పక్కన ఈ మార్పు 20 శాతం దాకా ఉంటుందని రాశారు. దీన్ని మీరెవరూ ఎందుకు ప్రస్తావించలేదు?

పరిశోధక విద్యార్థిని, యశవంతపురం:

ఈ చర్చలో నిజంగా తెగని భాగం ఇదే కాబట్టి, ప్రస్తావించినందుకు సంతోషం. ఆ 20 శాతం అన్న సంఖ్యను వెంటనే చాలామంది ప్రశ్నించారు. నక్షత్రం నుంచి తిన్నగా బయటికి వచ్చే న్యూట్రినోను తీసుకొంటే, శక్తిని సుదూరంలోని పరిశీలకుడు కొలిచినట్టుగా రాస్తే దశ సూత్రం గురుత్వం లేనప్పటి రూపంలోనే ఉంటుంది. శక్తిని, దూరాన్ని స్థానికంగా కొలిచినట్టుగా రాస్తే అదే సూత్రంలో గురుత్వం వల్ల వచ్చిన పదం విడిగా కనబడుతుంది. ఫొర్నెంగో బృందం 1997లోనూ, భట్టాచార్య, హబీబ్, మొట్టోలాలు 1999లోనూ దీనిని విడమరచి చూపారు. అంటే కనబడేదానిలో ఎక్కువ భాగం ఏ గడియారంతో, ఏ కొలబద్దతో కొలిచామన్నదాని మీద ఆధారపడిన తేడా. న్యూట్రాన్ ప్రయోగంలో రెండు పాయలు వేర్వేరు ఎత్తుల్లో నడిచాయి. ఇక్కడ న్యూట్రినోలో కలగలిసి ఉండే మూడు ద్రవ్యరాశి స్థితులూ ఒకే దారిలో వస్తాయి. మీ పోలిక అక్కడ తెగిపోతుంది.

అయితే దారులు నిజంగా వేరైనప్పుడు మాత్రం పరిస్థితి మారుతుంది. ఒక భారీ వస్తువు కటకంలా పనిచేసి న్యూట్రినోను రెండు వైపుల నుంచి తెచ్చి కలిపితే, డోలనం ద్రవ్యరాశి వర్గాల తేడా మీదే కాక ద్రవ్యరాశుల మీద కూడా ఆధారపడుతుందని హిమాంశు స్వామి, కింజల్క్ లోచన్, కేతన్ పటేల్‌లు 2020లో చూపారు. మామూలు డోలన ప్రయోగాలు ద్రవ్యరాశి ఎంతో ఎన్నటికీ చెప్పలేవు. అందుకే ఈ ఫలితం నన్ను ఆకట్టుకొంది. రెండు దారుల తరంగాలు అంత దూరం పొందిక చెడకుండా రాగలవా అన్నది దీనికున్న పెద్ద అడ్డంకి. మన భారతీయ విజ్ఞాన సంస్థలోని బనిబ్రత ముఖోపాధ్యాయ్ మరొక దారి పట్టారు. తిరుగుతున్న కృష్ణబిలం దగ్గర స్థలకాలపు వక్రత, స్పిన్ మీద అయస్కాంత క్షేత్రం వంటి పాత్ర వహిస్తుందనీ, న్యూట్రినోకూ ప్రతిన్యూట్రినోకూ దాని గుర్తు వ్యతిరేకంగా ఉంటుందనీ ఆయన పరిశోధనలు వాదిస్తాయి. అది నిజమైతే గురుత్వమా, అయస్కాంతమా అని మనం గీసుకొన్న గీతే చెరిగిపోతుంది.

మల్లేశ్వరం పాఠకుడు:

అయస్కాంత క్షేత్రం న్యూట్రినోను తాకదన్న నా నమ్మకాన్ని వెనక్కి తీసుకొంటున్నాను. ఒక్క ప్రశ్న మిగిలింది. ఈ రెండు ప్రభావాలూ ఒకే న్యూట్రినో మీద, కొలవగలిగిన మోతాదులో కలిసే చోటు ఎక్కడైనా ఉందా?

విశ్రాంత అధ్యాపకుడు, జయనగర్:

ఉంది. విశ్వం పుట్టిన తొలి సెకనులో విడిపోయిన న్యూట్రినోలు ఇప్పటికీ మన చుట్టూ ప్రతి ఘన సెంటీమీటరుకు సుమారు 336 ఉన్నాయి. వాటి ఉష్ణోగ్రత 1.95 కెల్విన్ మాత్రమే. అంత చల్లబడ్డాయి కాబట్టి వాటిలో కనీసం కొన్ని కాంతి వేగానికి చాలా తక్కువగా నడుస్తున్నాయి. వేగంగా పోయే న్యూట్రినో దారి వంగితే దాని స్పిన్ కూడా దాదాపు అంతే వంగుతుంది. నెమ్మదించిన న్యూట్రినో విషయంలో స్పిన్ వంపు దారి వంపుకంటే వెనకబడుతుంది, అందువల్ల దాని చేతివాటం మారుతుంది. అంటే గెలాక్సీల గురుత్వమే స్పిన్ పనిని కూడా చేస్తున్నది. గెలాక్సీలలోని అయస్కాంత క్షేత్రాలు మైక్రోగాస్ మోతాదులో ఉన్నా, వేల కాంతి సంవత్సరాల దూరం కలిసివస్తుంది. ఈ రెండు ప్రభావాలనూ గోర్డన్ బేమ్, జెన్-చీ పెంగ్‌లు 2021లో పక్కపక్కన లెక్కవేశారు. ఇక్కడ నేను మన పరిశోధక విద్యార్థిని మాటకు తల వంచాలి. ఆ లెక్కలో భ్రామకం నేటి ప్రయోగ హద్దుకు ఎంతో తక్కువగా ఉన్నా చేతివాటం మారగలదు. ఆ న్యూట్రినోలను ట్రిటియం (హైడ్రోజన్ భారీ రూపం) మీద పట్టుకొనే రోజు వస్తే, ఎన్ని దొరుకుతాయన్నది వాటి చేతివాటం మీద, అవి మయొరానా రకానివా కావా అన్నదాని మీద ఆధారపడుతుంది. వచ్చే గోష్ఠికి ఆ వక్తను మళ్లీ పిలవండి; సూర్యకటకం లెక్కను బల్ల మీద రాసి చూపడానికి నేను వస్తాను, స్పిన్ భాగాన్ని అమ్మాయి చెబుతుంది.