కినొసాకి, బెప్పు వెళ్తున్నాం: చేప ముట్టని అమ్మకు అక్కడ తిండి ఎలా?

నవంబర్ చివర్లో అమ్మను తీసుకుని జపాన్ వెళ్తున్నాను. ముందు కినొసాకి, తర్వాత బెప్పు. వేడినీటి బుగ్గల ఊళ్లు చూడాలని అమ్మకు ఎప్పటినుంచో ఉంది. నేను అన్నీ తింటాను, పైగా కినొసాకిలో అది పీతల సీజన్. అమ్మ మాత్రం గుడ్డు వరకే.

అసలు చిక్కు చేప ముక్కతో కాదు, దాషితో. ఎండబెట్టిన బొనీటో చేప తురుముతో కాచే ఆ రసం మిసో సూప్‌లో, ఉడికించిన కూరల్లో, చివరికి సోబా నూడుల్స్ ముంచుకునే పులుసులో కూడా ఉంటుంది. పైకి చూస్తే ఉత్త కూరగాయలే! ర్యోకాన్ (జపాన్ సంప్రదాయ బస) బుక్ చేసేటప్పుడు 'చేప వద్దు' అంటే సరిపోతుందా, కొంబు (సముద్రపు నాచు), షీటాకే (పుట్టగొడుగు) దాషితోనే చేయమని విడిగా రాయాలా? ఎంత ముందు చెప్పాలి? భోజనం లేకుండా గది ఒక్కటే తీసుకుంటే మేలా? చిన్న ఊళ్లలో రాత్రి హోటళ్లు తొందరగా కట్టేస్తారేమోనని టెన్షన్.

బెప్పులో కన్నవా దగ్గర భూమిలోంచి వచ్చే ఆవిరితో వండే జిగోకుముషి మీదే ఆశ పెట్టుకున్నాను. చిలగడదుంప, గుమ్మడి, మొక్కజొన్న, గుడ్లు ఉంటే అమ్మకు పూట గడిచిపోతుంది. మన కారప్పొడి పట్టుకెళ్లి చల్లుకుంటే ఏమైనా అంటారా? పక్కవాళ్ల రొయ్యలు కూడా అదే ఆవిరి తొట్టెలో పెడతారా? అమ్మ మొదట అడిగింది ఇదే.

శాకాహారులతో వెళ్లొచ్చినవాళ్లు ర్యోకాన్‌కు పంపిన మెసేజ్ ఎలా రాశారో ఇక్కడ పెడితే చాలా సాయం చేసినవాళ్లవుతారు.