షట్టరు కోసం షెడ్డులో ఒక బే క్రాస్ బ్రేసింగ్ తీసేయవచ్చా?

ప్రశ్న:
జీడిమెట్లలో షెడ్డు కడుతున్నాం. వెడల్పు 20 మీటర్లు, పొడవు 45, ఈవ్ (కప్పు అంచు) ఎత్తు 8. ఒక్కో బే (రెండు ఫ్రేముల మధ్య ఖాళీ) 7.5 మీటర్లు. పక్క గోడల్లో రెండు చివరి బేలలోనూ షెడ్డు ఒరగకుండా 20 ఎంఎం రాడ్డుతో X ఆకారంలో క్రాస్ బ్రేసింగ్ ఇచ్చారు. ఇప్పుడు ఓనరు రోడ్డు వైపు చివరి బేలో లారీ వచ్చేంత షట్టరు పెట్టమంటున్నారు. "ఒక్క క్రాస్ తీసేస్తే షెడ్డు పడిపోతుందా?" అంటున్నాడు ఫాబ్రికేటర్. డిజైన్ చేసిన సార్ ఊళ్లో లేరు. రేపు రాడ్లు కోసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, ముందు ఆ కటింగ్ ఆపించు. లెక్క చూద్దాం. గాలి బలాల భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాదుకు బేసిక్ గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. గాలి ఒత్తిడి 0.6 × 44 × 44, అంటే చదరపు మీటరుకు 1.16 కిలోన్యూటన్లు. తగ్గింపులూ ముందు వెనుక గోడల కోఎఫిషియెంట్లూ (ఒత్తిడి గుణకాలు) కలిపాక చదరపు మీటరుకు 1 కిలోన్యూటన్ అనుకో. గేబుల్ గోడ (20 మీటర్ల వెడల్పున్న చివరి గోడ) సగటు ఎత్తు 9 మీటర్లైతే దాని మీది గాలిలో సగం, అంటే 90 కిలోన్యూటన్లు, కప్పు బ్రేసింగ్‌లోకి వెళ్తుంది. ఒక్కో పక్క గోడకు 45. భద్రత కోసం 1.5తో గుణిస్తే 67.5.

క్రాస్ రాడ్డు పొడవు సుమారు 11 మీటర్లు. రెండు బేలు పంచుకుంటే ఒక్కో రాడ్డులో 50 కిలోన్యూటన్ల లాగుడు. ఒక్క బేనే మోస్తే 99. మీ 20 ఎంఎం రాడ్డు తట్టుకునేది దాదాపు 71. ఇంకేం చెప్పాలి?

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్స్ అన్నా. పోనీ ఆ బేలో ఒక రాడ్డు తీసి, ఇంకొకటి ఉంచితే?

జవాబు:
వద్దు. సన్నని రాడ్డు లాగుడునే మోస్తుంది, నొక్కితే వంగిపోతుంది. గాలి ఎదురు దిక్కు నుంచి వీస్తే పని చేయాల్సింది నువ్వు తీసేసినదే.

ఆ క్రాస్‌ను లోపలి పక్క బేలోకి జరపండి. కప్పులోని బ్రేసింగ్ కూడా అదే బేలోకి రావాలి. అది చివరి బేలోనే ఉండిపోతే, ఈవ్ దగ్గర బలాన్ని పక్క బేకి చేర్చే స్ట్రట్ పైపు కావాలి.

ఇంకొకరి జవాబు:
నేను ఎరెక్షన్ (షెడ్లు నిలబెట్టే) పనిలో ఉన్నాను. పునాదిని మర్చిపోవద్దు. క్రాస్ జరిపితే ఆ కాలమ్‌ను పైకి లాగే బలమూ అక్కడికే వస్తుంది, ఈ లెక్కలో 36 కిలోన్యూటన్లు. లోపలి కాలమ్‌కు యాంకర్ బోల్టులు ఎన్ని వేశారో, పునాది బరువు చాలుతుందో చూడండి. టర్న్‌బకిల్ (రాడ్డును బిగించే మర) బిగించి రాడ్డు వేలాడకుండా చూసుకోండి. కొత్త క్రాస్ బిగించాకే పాతది విప్పండి. మే నెల గాలివానకు, బ్రేసింగ్ లేని ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోవడం నా కళ్లతో చూశాను.

ప్రశ్న అడిగినవారు:
కటింగ్ ఆపించాను. డిజైన్ సార్‌కు ఫోన్ చేసి మీ లెక్క చెప్పాను. పక్క బేకి జరిపి, కొత్త డ్రాయింగ్ ఇస్తానన్నారు. షట్టరు పని అప్పటివరకు ఆగుతుందని ఓనరుకు నేనే చెప్తాను.