నాలుగేళ్ల డీజిల్ కారుకు జీపీఎస్ ట్రాకర్: ఏది పెట్టించాలి, ఏటా చందా కట్టడం దండగేనా?

ఓరుగల్లు వాసి:
సభ్యులందరికీ నమస్కారం. మేము హన్మకొండ భీమారంలో ఉంటున్నాము. గేటు లోపల చోటు లేక, నాలుగో ఏడు నడుస్తున్న మా డీజిల్ కారును రాత్రిపూట రోడ్డు పక్కనే నిలుపుతున్నాము. పోయిన నెల మా వెనుక వీధిలో ఇదే తరహా కారు తెల్లవారేసరికి కనిపించకుండా పోయింది, ఇప్పటికీ దొరకలేదు. అప్పటి నుండి ట్రాకర్ కోసం తిరుగుతున్నాను. ఒక దుకాణంలో స్టీరింగు కింద, మెకానిక్కులు ఇంజను లోపాలు చూసే ఓబీడీ సాకెట్‌కు గుచ్చే పరికరం 3,000 అన్నారు. ఇంకొకరు వైర్లతో బిగించి, ఫోను నుండి ఇంజను ఆపే రిలేతో కలిపి 4,500 అడిగారు. రెండింటికీ మొదటి ఏడాది ఉచితం, తరువాత ఏటా 1,200 చందా. మూడో చోట 6,000 ఒకేసారి కడితే జీవితాంతం చందా లేదన్నారు. ఏది నయం? ప్రయాణ చరిత్ర ఎన్ని నెలలు నిలువ ఉంటుందో, పాత దారులను తేదీల వారీగా చూడవచ్చునో కూడా తెలిసినవారు చెప్పగలరు.

వైరింగు మేస్త్రీ:
ఓబీడీ పరికరాన్ని మీ ఆలోచనలో నుండి తీసేయండి. ఆ సాకెట్ డ్రైవరు మోకాలి దగ్గర ఉంటుంది. కొత్త తాళంచెవికి కోడ్ ఎక్కించాలనుకునే దొంగ మొదట చేయి పెట్టేదే అక్కడ. తన పనికి అడ్డం వచ్చినదాన్ని పీకి మోరీలో పడేయడానికి అతనికి ఎంతసేపూ పట్టదు. వైర్లతో బిగించేదైతే డాష్‌బోర్డు వెనుక ఎక్కడ ఉందో వెతకాలి. పైగా లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది కనుక కారు బ్యాటరీ తీగ పీకినా కొంతసేపు పనిచేస్తూ, తీగ తెగిందని మీ ఫోనుకు కబురు పంపుతుంది.

చాలామంది ఉపగ్రహమే కారు జాడను మన ఫోనుకు పంపుతుందని అనుకుంటారు. ఉపగ్రహాల నుండి పరికరం తన స్థానాన్ని లెక్కకట్టుకుంటుంది, అంతే. దానిని మీకు చేరవేసేది లోపలి సిమ్. టవరు అందని చోట, ఉదాహరణకు ములుగు దాటి ఏటూరునాగారం అడవి దారిలో కొన్నిచోట్ల, పరికరం పాయింట్లను దాచుకొని, సిగ్నల్ తిరిగి వచ్చాక అన్నీ ఒక్కసారే పంపుతుంది. అందుకే 4జీ మీద, అది లేనప్పుడు 2జీ మీద పనిచేసే పరికరం అడగండి. చవకగా దొరికేవాటిలో చాలావరకు 2జీ మాత్రమే ఉంటుంది, జియోకు అసలు 2జీ నెట్‌వర్క్ లేదు.

రిలే పెట్టిస్తే స్టార్టరు తీగ మీదే పెట్టించండి, ఇంధనం పంపు మీద వద్దు. స్టార్టరు మీద ఉంటే ఆగిన కారు మళ్లీ లేవదు. పంపు మీద ఉంటే నడుస్తున్న కారే ఆగుతుంది. ఇంకొక మాట. దుకాణదారులు ఏఐఎస్ 140 అనే ట్రాకర్ల ప్రమాణం పేరు చెప్పి ధర పెంచుతారు. ఆ ప్రమాణం, అత్యవసర బటన్‌తో సహా, ప్రయాణికులను మోసే ప్రజా రవాణా వాహనాల కోసం 2016 నవంబరులో వచ్చిన నిబంధనకు చెందినది. మీ తెల్ల బోర్డు కారుకు అది తప్పనిసరి కాదు.

ఎనుమాముల:
మా ట్రాక్టరుకు గొలుసు, తాళం. చందా లేదు.

కాజీపేట జంక్షన్:
నేను బీమా కార్యాలయంలో పనిచేసి విరమించినవాడిని. పరికరం గురించి ఇంత వివరంగా రాసిన మేస్త్రీ గారు, అసలు ప్రశ్న అయిన డబ్బు దగ్గరకు రాలేదు. ఏఆర్‌ఏఐ (వాహనాలను పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్న దొంగతన నిరోధక పరికరాన్ని బిగించి, ఆటోమొబైల్ సంఘం నుండి ధ్రువపత్రం తెస్తే, సొంత నష్టం (మన కారుకే జరిగే నష్టం) ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గించాలని 2002 నాటి మోటారు టారిఫ్‌లో రాసి ఉంది. మీ సొంత నష్టం ప్రీమియం 12,000 అనుకుంటే తగ్గేది 300. దాని కోసం ఏటా 1,200 కట్టడం లెక్కకు నిలవదు.

కారు పోతే డబ్బు తెచ్చేది ట్రాకర్ కాదు, సమగ్ర బీమా. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే దొంగతనానికి పైసా రాదు. మూడేళ్లు దాటి నాలుగు నిండని కారుకు తయారీదారు ధరలో 40 శాతం తరుగు తీసి ఐడీవీ, అంటే కారు పోతే బీమా సంస్థ లెక్కకు తీసుకునే విలువ, నిర్ణయిస్తారు. కారు పోయిన వెంటనే ఠాణాలో భారతీయ న్యాయ సంహిత 303 కింద ఎఫ్ఐఆర్ రాయించాలి. ఆ తరువాత వాహనం దొరకలేదన్న పోలీసు నివేదిక, ఆర్‌సీ, కారుతో వచ్చిన రెండు తాళంచెవులు బీమా సంస్థకు అప్పగించాలి. ఠాణాలో వెంటనే ఫిర్యాదు చేసి ఉంటే, బీమా సంస్థకు తెలపడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమును తిరస్కరించరాదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది కూడా. ఇన్ని రక్షణలు ఉండగా తీగలు కోయించుకోవడం ఎందుకు? ఆ అతుకు దగ్గర షార్టు సర్క్యూటై మంట లేస్తే, కారులో చేసిన మార్పును ముందుగా తెలపలేదన్న పేచీ వస్తుంది.

వైరింగు మేస్త్రీ:
సార్, 300 రూపాయల తగ్గింపు కోసం ట్రాకర్ పెట్టించేవాడు లోకంలో ఎవడూ లేడు. ఆ తగ్గింపును మీరే తెచ్చి, మీరే కొట్టేసి, ట్రాకర్ దండగ అని తేల్చారు. ఐడీవీ డబ్బు నెలల తరువాత వస్తుంది, అదీ 40 శాతం కోసుకొని. కారు ఇక్కడి నుండి పరకాల, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన ఎక్కితే అవతల సిరొంచ, మహారాష్ట్ర. అది రెండు మూడు గంటల దారి. ఆలోపు ఎక్కడుందో 100కు ఫోను చేసి చెప్పగలగడం ఒక ఎత్తు, వెళ్లిపోయాక రెండు తాళంచెవులు పట్టుకొని తిరగడం ఇంకొక ఎత్తు. ఫ్యూజు వేసి, సోల్డరు చేసి, టేపు చుట్టిన అతుకు మంటలు లేపదు.

కాజీపేట జంక్షన్:
ఫ్యూజు వేయని అతుకులు లేపిన మంటల ఫైళ్లను నేను చూశాను.

మానేరు తీరం:
జీవితాంతం చందా లేదన్న మాటను మాత్రం నమ్మకండి. కరీంనగర్‌లో మేమూ అలాగే ఒకేసారి కట్టాము. రెండేళ్లు తిరగకముందే యాప్ తెరుచుకోవడం మానేసింది, దుకాణం స్థానంలో మొబైల్ కవర్ల అంగడి వెలిసింది. సిమ్ రీఛార్జి చేద్దామంటే అది మామూలు సిమ్ కాదు. యంత్రాల కోసం ఇచ్చే 13 అంకెల నంబరు, అదీ అమ్మినవారి పేరు మీదే ఉంటుంది. పరికరం కారులో క్షేమంగా ఉంది, పలకదు. జీవితాంతం అన్నది ఎవరి జీవితమో రసీదు మీద రాయించుకోలేదు. సర్వరుకు, సిమ్‌కు ప్రతి నెలా ఎవరో ఒకరు డబ్బు కడుతూనే ఉండాలి కనుక ఏటా చందా అడిగేవాడే కొంత నిజాయితీపరుడని నా అభిప్రాయం. చెల్లించే ముందు అదే సంస్థ పరికరం మూడేళ్లుగా వాడుతున్నవారు ఎవరైనా ఉన్నారేమో విచారించండి.

ఎడమ చేతి గేరు:
నేను ఇరవై ఏళ్లుగా ఇతరుల కార్లు నడుపుతున్నాను. మేస్త్రీ అన్న చెప్పిన రిలే సంగతి నా ఒంటి మీదికి వచ్చింది. ఒక యజమాని పంపు మీద రిలే పెట్టించి నాకు చెప్పలేదు. మేడారం వైపు కిరాయికి వెళ్లి తిరిగి వస్తుండగా, ఆలస్యమైందన్న కోపంతో ఇంట్లో కూర్చుని ఫోనులో బటన్ నొక్కాడు. మలుపులో ఇంజను ఆగింది. స్టీరింగు బిగుసుకుంది, బ్రేకు రెండు మూడు తొక్కులకే రాయి అయింది. వెనుక సీట్లో పిల్లలున్నారు. ఆ నెల జీతంలో ట్రాకర్ చందా కూడా కోశాడు, నా మీద నిఘాకు నేనే డబ్బు కట్టాలన్నమాట. అందుకే ఓరుగల్లు వాసి గారిని ఒకటి అడుగుతున్నాను. దొంగను పట్టుకోవడానికి కారు ఇప్పుడు ఎక్కడుందో తెలిస్తే చాలు. నెలల నాటి దారుల చరిత్ర మీకెందుకు?

ఓరుగల్లు వాసి:
నేను పరికరం గురించి అడిగాను, నా ఉద్దేశం గురించి కాదు. మీ యజమాని చేసిన అన్యాయానికి నన్ను బోనులో నిలబెట్టవద్దు.

వైరింగు మేస్త్రీ:
ఆయన అడిగిన దానిలో తప్పేమీ లేదు. నా దగ్గరికి వచ్చేవారిలో దొంగ భయం ఉన్నవారు బ్యాటరీ తీగ తెగితే ఏమవుతుంది, లారీ మీదికి ఎక్కించి తీసుకుపోతే తెలుస్తుందా అని అడుగుతారు. మీరు మొదటి టపాలోనే తేదీల వారీ చరిత్ర అడిగారు. చెప్పండి, చెప్పకపోండి, కానీ దాన్ని బట్టి పెట్టే పరికరం మారుతుంది.

ఓరుగల్లు వాసి:
సరే, చెబుతాను. కారు నేనూ మా తమ్ముడూ కలిసి కొన్నాము, ఆర్‌సీ మా అమ్మ పేరు మీద ఉంది. బ్యాంకు వాయిదా నేను కడుతున్నాను. తమ్ముడు భూపాలపల్లిలో కాంట్రాక్టు పని మీద వారానికి నాలుగైదు రోజులు తీసుకెళ్తాడు. డీజిలు లెక్కకూ మీటరు మీద తిరిగిన కిలోమీటర్లకూ పొత్తు కుదరడం లేదు, అడిగితే అమ్మ బాధపడుతుంది. ట్రాకర్ ఉంటే నేను ఎవరినీ అడగనక్కరలేదు. దొంగతనం భయం కూడా నిజమే, వెనుక వీధి కారు పోయిన మాటా నిజమే. చందాలో సగం తమ్ముడి వాటాలో కలుపుదామని అనుకున్నాను, ఎందుకని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఇందులో నేరం ఏముంది? వాయిదా కట్టేవాడికి కారు ఎటు పోతోందో తెలుసుకునే హక్కు లేదా?

ఎడమ చేతి గేరు:
హక్కు ఉంటే చెప్పి చేయండి. చెప్పకుండా పెట్టి, దాని ఖర్చులో సగం అతని చేతనే కట్టించడాన్ని హక్కు అనరు. నేను జీతగాడిని కనుక మింగాను, ఆయన మీ తోడబుట్టినవాడు.

మానేరు తీరం:
చట్టం మాట వచ్చింది కాబట్టి ఒకటి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరం కోసం వాడుకునే సమాచారానికి వర్తించదు. అంటే మీ తమ్ముడు మీ మీద ఆ చట్టం పట్టుకొని రాలేడు. అదే సమయంలో ఫోను కంపెనీలు ఏం చేశాయో చూడండి. పరుల బ్లూటూత్ ట్యాగు ఏదైనా మీ వెంట తిరుగుతుంటే మీ ఫోనే హెచ్చరించేలా ఆపిల్, గూగుల్ కలిసి 2024 మేలో ఏర్పాటు చేశాయి. చెప్పకుండా వెంటాడటం తగదని అమ్మేవారే ఒప్పుకున్నారు. మీరు పెట్టించబోయే పరికరానికి ఆ హెచ్చరిక లేదు. ఇంట్లో ఆ పని మనుషులే చేయాలి.

ఓరుగల్లు వాసి:
డీజిలు బిల్లులు చేతిలో పెట్టుకొని నోరు మూసుకొని కూర్చున్నది నేనమ్మా. ఉపదేశం చేయడం సులభం.

ఎనుమాముల:
తమ్మునితో కూర్చొని మాట్లాడితే 4,500 మిగులుతాయి.

కాజీపేట జంక్షన్:
అన్నదమ్ముల సంగతి నాకు అనవసరం. మీరు ఇప్పుడు చెప్పినదానిలో నాకు భయం వేసినది వేరే. ఆర్‌సీ, పాలసీ అమ్మగారి పేరు మీద ఉన్నాయి. కారు పోతే క్లెయిము వేయవలసిందీ, బదిలీ ఫారాల మీద సంతకం చేయవలసిందీ ఆమె. తాళంచెవుల్లో ఒకటి తమ్ముడి దగ్గర ఉంది. ఆయనకు తెలియకుండా పెట్టిన పరికరం రేపు బయటపడి, ఇద్దరి మధ్య మాటలు లేని రోజున కారు పోయిందనుకోండి. రెండో తాళంచెవి ఎవరు తెచ్చి ఇస్తారు? ఒకటే తాళంచెవి ఇచ్చిన క్లెయిముల మీద బీమా సంస్థ ఎన్ని ప్రశ్నలు వేస్తుందో నాకు తెలుసు. ఏటా 1,200 చందా కన్నా మీకు ఇది పెద్ద ఖర్చు.

ఓరుగల్లు వాసి:
ఆ కోణం నేను ఆలోచించలేదు. ఒక సాంకేతిక ప్రశ్న. ఒకే పరికరాన్ని ఇద్దరి ఫోన్లలోనూ చూడవచ్చునా? చరిత్ర మాత్రం నాకే కనిపించేలా పెట్టవచ్చునా?

వైరింగు మేస్త్రీ:
ఇద్దరి ఫోన్లలో చూడవచ్చు, చాలా యాప్‌లలో రెండో వాడుకరిని చేర్చే వీలుంది. చరిత్ర ఒకరికే చూపి, ఇంకొకరికి దాచే అమరిక కూడా కొన్నింటిలో ఉంది. ఆ రెండోది నేను చేసి పెట్టను. రిలే పెడితే దాని బటన్ కూడా ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి, లేదా ఎవరి ఫోనులోనూ ఉండకూడదు. భూపాలపల్లి దారిలో తమ్ముడు స్టీరింగు మీద ఉండగా హన్మకొండలో మీరు బటన్ పట్టుకొని కూర్చోవడం నాకు ఇష్టం లేదు. నా సలహా 4జీ వైర్ల పరికరం, స్టార్టరు మీద రిలే, కారు లారీ మీదికి ఎక్కిస్తే మోగే అలారం. ఏడాది చందా మాత్రమే కట్టండి, జీవితకాలం పథకం వద్దు. రోజుల తరబడి కారు తీయకపోతే పరికరం మెల్లగా బ్యాటరీని తాగుతుంది, అప్పుడప్పుడు స్టార్టు చేస్తుండండి. పనికి ఇద్దరూ కలిసి రండి.

ఓరుగల్లు వాసి:
ఇద్దరం రావడం గురించి ఇంట్లో అడిగి చెబుతాను. చందా పూర్తిగా నేనే కడతాను, ఆ విషయంలో డ్రైవరన్న మాట తీసుకుంటున్నాను. చరిత్ర విషయంలో మాత్రం నేను మీతో ఏకీభవించడం లేదు.

ఎడమ చేతి గేరు:
ఏకీభవించకండి. తమ్ముడికి చెప్పండి.

కాజీపేట జంక్షన్:
పాలసీ పునరుద్ధరణ ఎప్పుడో చెప్పలేదు. ఎలాగూ పెట్టిస్తున్నారు కాబట్టి, ఏఆర్‌ఏఐ ఆమోదం ఉన్న పరికరమే తీసుకొని, ఆటోమొబైల్ సంఘం ధ్రువపత్రాన్ని పునరుద్ధరణకు ముందే అమ్మగారి పేరు మీద అందజేయండి. 300 రూపాయలను ఊరికే వదిలిపెట్టడం ఎందుకు?